నడిమి మనిషి

దేవరకొండలో పరమేష్ ఫోటో స్టూడియో పెట్టి చాలా ఏళ్లయింది. పెళ్లిళ్లు, పుట్టువెంట్రుకలు, పాటల సభలు, ఏది జరిగినా కెమెరా అతనిదే. పనికి వంక పెట్టలేం గానీ ఒక్క పట్టింపు మాత్రం చచ్చినా వదలడు. ముగ్గురిని నిలబెట్టి ఫోటో తీయడు. ముగ్గురు దిగితే నడిమి మనిషి దక్కదని చిన్నప్పుడు వాళ్ల అవ్వ చెప్పింది. ఎవరైనా ముగ్గురు వస్తే ఒకరి చేతిలో చెక్క గొర్రెపిల్లను పెట్టి, దాంతో నలుగురైనట్టే అనుకుని తీస్తాడు. ఊరంతా నవ్వుకునేది. నవ్వుకోనీ, ఆ చాదస్తంతో ఎవరి కొంప మునిగింది?

అతని భార్య మల్లిక పాటల జట్టులో ఉంది. జట్టులో నలుగురు ఆడవాళ్లు, అందరికీ పెద్ద అండాలు. అండాలు గొంతెత్తితే మైకు లేకున్నా సంతంతా వినపడేది. పరమేష్‌ను ఆటపట్టించడమంటే ఆమెకు మహా సరదా.

"ఫికర్ చెయ్యకు మరిదీ, మల్లిక నడుమకొస్తె ఆడ నేను నిలవడ్త తియ్," అనేది.

ఆ ఏడు రాష్ట్ర అవతరణ వేడుకలకు జట్టును పిలిచారు. సరిగ్గా అప్పుడే అండాలుకు జ్వరం ముదిరి దవాఖానలో చేర్చారు. మిగిలిన ముగ్గురే వేదిక ఎక్కారు. చివరనున్న అండాలు మైకును తీసేయాలని ఎవరికీ తోచలేదు. సాయంత్రపు పొద్దు ఇంకా గుట్ట మీదే ఉంది. నడుమ నిలబడింది మల్లిక.

పరమేష్ ఒక్కొక్కరినీ తీశాడు, ఇద్దరిద్దరినీ తీశాడు. డప్పులవాళ్లను కలుపుకుందామంటే వాళ్లు వేదిక కింద ఉన్నారు. గొర్రెపిల్లేమో స్టూడియోలో ఉంది. సభ పెద్దమనిషి వచ్చి, ఫ్లెక్సీకి అందరూ కలిసిన ఫోటో కావాలి, ఒక్కటైనా తీశావా అని కసురుకున్నాడు. పరమేష్ కెమెరా కంటికి ఆనించాడు గానీ వేలు కదలలేదు. నవ్వేవాళ్లదేం పోయింది, అక్కడ నిలబడ్డది వాళ్ల భార్య కాదు.

అప్పుడు వచ్చింది అండాలు. పసుపు చీర కొంగు నడుముకు చుట్టుకుని, వెనక మెట్ల మీంచి నింపాదిగా వచ్చి మల్లిక చెవిలో ఏదో అంది. మల్లిక జరిగి చివరి మైకు దగ్గరికి పోయింది. అండాలు నడుమ నిలబడి పల్లవి అందుకుంది. పరమేష్‌కు ప్రాణం లేచొచ్చింది. ఇప్పుడు నలుగురు. కళ్లలో నీళ్లు తిరుగుతుంటే బటన్ నొక్కాడు.

పాట ముగిసిందో లేదో మైదానంలో గుసగుసలు మొదలయ్యాయి. మధ్యాహ్నమే అండాలు పోయిందట. సభ చెడుతుందని పెద్దమనుషులు ఆ కబురు దాచారట. పరమేష్ కెమెరా తిప్పి చూసుకున్నాడు. ఫోటోలో ముగ్గురే ఉన్నారు. నడిమి మైకు ముందు ఒక మనిషి పట్టేంత జాగా ఖాళీగా ఉంది. చివరన మల్లిక ఆ ఖాళీవైపే మొహం తిప్పి నవ్వుతోంది.

మల్లిక వేదిక దిగి వచ్చింది. కబురు ఇంకా ఆమె చెవిన పడలేదు. నడుమ నుంచి ఎందుకు జరిగావని పరమేష్ అడిగాడు.

"అండాలక్కనే జరగమన్నది. ఈడ నేనుంట, నువ్వు పో చెల్లె అన్నది," అంది మల్లిక చుట్టూ వెతుక్కుంటూ. "చెయ్యి మంచుగడ్డ లెక్క ఉండె. జ్వరం తగ్గినట్టుంది. గిప్పుడే యాడికి వోయింది?"