చాలికోథీరియం పాఠం

కోసిగి దగ్గర మా బడిలో నాలుగో తరగతి చెప్పే ఏసేపు సారు, పిల్లల్ని నిలబెట్టుకోవడానికి పడిన తిప్పలు నాకు తెలుసు. పక్క తరగతి నాది. దీపావళి దాటగానే సగం ఊరు గుంటూరు వైపు పత్తి, మిరప కోతల కూలికి, మా వైపు మాటలో సుగ్గికి, పోతుంది. పిల్లలూ తల్లిదండ్రుల వెంట లారీ ఎక్కుతారు. ఈసారి తన తరగతిలోని సుప్రజనైనా, వలసపోయేవాళ్ల పిల్లల కోసం నడిపే సీజనల్ హాస్టల్లో ఉంచాలని ఆయన పట్టు. పోయినేడు వెళ్లొచ్చేసరికి ఆ పిల్ల చదవడమే మరిచిపోయింది. మళ్లీ పోతే ఇక బడి మొహం చూడదని ఆయన భయం.

పిల్లలకు బడి మీద ఆశ పుట్టాలని వారానికొక వింత జంతువును పటం గీసి చెప్పడం మొదలుపెట్టాడు. చాలికోథీరియం వంతు వచ్చింది. ఎప్పుడో అంతరించిపోయింది. ముఖం గుర్రంలా, ముందుకాళ్లు పొడుగ్గా, వాటికి కొక్కేల్లాంటి గోళ్లు. గోళ్లు అరగకుండా పిడికిళ్ల మీద నడిచేదట. సారు నేలమీద వంగి అలా నడిచి చూపిస్తుండగా మండల విద్యాధికారి గుమ్మంలోకి వచ్చాడు. గబుక్కున లేవబోతే సారు ప్యాంటు వెనక కుట్టు పర్రుమంది. అధికారి వెనకే వచ్చిన నేను నవ్వాను, దాచలేదు. ఆ పేరు పలకబోయి అధికారి మూడుసార్లు తడబడ్డాడు, నేను నాలుగుసార్లు. సుప్రజ మా ఇద్దరికీ ముక్కముక్కగా పలికించింది.

తర్వాత ఆ పిల్లే అడిగింది. "అది ఎట్ల సచ్చిపాయ సార్?"

అడవులు తగ్గాయి, ఆకు దొరకలేదు, గడ్డి తిని బతకలేకపోయింది అని ఆయన చెప్పాడు.

ఆ శనివారం సుప్రజ నాయన చిన్న ఈరన్న మూటలు కడుతుంటే ఇద్దరం వెళ్లాం. హాస్టల్లో మూడు పూటలా అన్నం పెడతారు, పాపను వదిలి వెళ్లమని ఏసేపు బతిమాలాడు. ఈరన్న మెత్తబడ్డాడు కూడా. సుప్రజే ఒప్పుకోలేదు.

"నేను ఈడ ఉండను సార్. ఆకు లేని తావునే ఉండి అది సచ్చిపాయె. మీరే చెప్తిరి కదా."

ఈరన్న బిడ్డ తల నిమిరి, "మీ పాఠం బాగా పట్టుకునింది సార్," అన్నాడు. అందులో ఎత్తిపొడుపు లేదు. ఏసేపు నావైపు చూశాడు.

వాళ్లు లారీ ఎక్కి వెళ్లిన పదిహేను రోజులకు ఏసేపు స్టాఫ్ రూములోంచి ఈరన్నకు ఫోన్ చేశాడు. ఆ జంతువు ఎందుకు అంతరించిందో ఎవరికీ గట్టిగా తెలియదని, తానే తెలిసినట్టు చెప్పానని ఆ పిల్లకు చెప్పాలట.

"పాప పత్తి సాల్లో ఉండాది సార్," అన్నాడు ఈరన్న. "సంచి నిండందే యాడ వస్తాది? నాకు చెప్పండి, నేను చెప్తా."

ఏసేపు ఆయనకే మొదటినుంచీ చెప్పసాగాడు. అడవుల దాకా వచ్చేసరికి ఫోన్ కట్టయింది.