ఓడ ఎక్కొచ్చు, విమానం ఎక్కకూడదు

దోహా దగ్గర మెసయీద్ లేబర్ క్యాంపులో మూడో అంతస్తుకి బియ్యం బస్తా మోస్తుంటే ఎడమ ఛాతీలో చురుక్కుమంది. ఊపిరి సగంలోనే ఆగిపోతోంది. నాది పరంజాలు కట్టే స్కాఫోల్డింగ్ పని, వయసు ముప్పై ఒక్కేళ్ళు. నెలన్నరలో సెలవు. నా భార్య పార్వతి అండమాన్‌లోని హట్‌బేలో, పుట్టింట్లో ఉంది. తొలి కాన్పు. చెన్నై మీదుగా పోర్ట్‌బ్లెయిర్‌కి విమానం, అక్కణ్ణించి ఓడ. టిక్కెట్లు కూడా తీసేశాను.

రూమ్మేట్ యాదగిరన్నది కరీంనగర్. "దవాఖానకు పోతే ఎక్స్‌రే తీస్తరు. టీబీ మచ్చ కనవడితే అన్‌ఫిట్ అని ఇంటికి తోలుతరు. గ్యాసే ఉంటది, బిళ్ళ ఏస్కో" అన్నాడు. ఇక్కడ మా అందరికీ ఉన్న భయమే అది. పైగా చిన్నప్పుడు నేను టీబీ మందులు వాడాను. వీసా మెడికల్లో ఇదే ఛాతీకి ఎక్స్‌రే తీసి పాస్ చేశారు కదా అన్న ఇంగితం నాకుండొద్దూ! నాలుగు రోజులు గ్యాస్ బిళ్ళలు మింగాను. పార్వతికి చెప్పలేదు. ఐదో రోజు డ్యూటీలో కూలబడ్డాను.

"న్యూమోథొరాక్స్. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి అది ముడుచుకుపోయింది. మొదటిరోజే వచ్చుంటే ఆక్సిజన్‌తో తగ్గేదేమో" అన్నాడు డాక్టర్, హిందీలో. ఆ గాలి లాగడానికి పక్కటెముకల మధ్య చెస్ట్ ట్యూబ్ పెట్టారు. ఆరు రోజులకి తీశారు. వారం తిరక్కుండానే మళ్ళీ ముడుచుకుంది. మళ్ళీ ట్యూబ్, ఆపైన సర్జరీ. దగ్గాలంటే భయం, తుమ్మాలంటే భయం. ఛీ, ఏం బతుకో!

"విమానం ఎక్కొచ్చా?" అనడిగాను.

"నో ఫ్లయింగ్. పైన గాలి ఒత్తిడి తగ్గితే మళ్ళీ ముడుచుకోవచ్చు. నేను రాసిచ్చేదాకా వద్దు."

"మరి ఓడ?"

"ఓడైతే ఎక్కొచ్చు" అని నవ్వాడు. దోహా నుంచి హట్‌బేకి ఓడెక్కడుంది నా ఖర్మ! ఒళ్ళు మండిపోయింది.

కుట్లు విప్పిన వారంలోనే పాప పుట్టింది. డాక్టర్ లెటర్ ఇంకా రాలేదు. అది వచ్చాక కంపెనీ సెలవు మళ్ళీ మొదట్నుంచి అడగమంది. తీరా పోర్ట్‌బ్లెయిర్ చేరితే, సముద్రం బాగోలేదని మూడు రోజులు ఓడ లేదు. విమానం ఎక్కడానికి మూడు నెలలు ఆగినవాణ్ణి, ఇక్కడ జెట్టీలో పడిగాపులు.

ఆసుపత్రిలో చేరాక ఫోన్లో అన్నీ చెప్పేశాను. హట్‌బేలో దిగితే పార్వతి నవ్వలేదు. మా మామయ్య కూతురే, చిన్నప్పట్నుంచీ మొహమాటం లేదు. "నాకు చెప్పకుండా నాలుగు రోజులు బిళ్ళలేటి మింగినావు బావా? నీకేటైనా అయ్యుంటే ఈ పిల్లకి నాన్నని ఎక్కడ్నుంచి తెచ్చీదాన్ని?" అని అందరి ముందూ ఏడ్చింది. పాప నన్ను చూసి గుక్కపెట్టింది.

ఇప్పుడు పాపకి ఎనిమిది నెలలు. నేను మళ్ళీ మెసయీద్‌లోనే, బరువులు వద్దన్నారని స్టోర్లో కూర్చోబెట్టారు. మీకు చెప్పేది ఒకటే. ఊపిరి పట్టేస్తే ఆ రోజే ఎక్స్‌రే తీయించుకోండి. భయంతో ఆసుపత్రికి కాళ్ళు కదలకపోతే ఇంటికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పండి. నేను చెప్పుంటే పార్వతి ఆ పూటే తిట్టి ఆసుపత్రికి తరిమేది.