సరోజక్క పెట్టిన ఏడాది గడువు

ఇవాళ గుడి పార్కింగ్‌లో ఎవరిదో కొత్త కారుకి పూజ జరుగుతోంది. టైరు కింద నలిగిన నిమ్మకాయ వాసన తగలగానే నా కుడికాలు దానంతటదే వెనక్కి జరిగింది. వెంటనే సరోజక్క గుర్తొచ్చింది. ఆవిడ పోయి ఆరు నెలలైంది. నాకు రాత సరిగ్గా రాదు, మా చెల్లెలి చేత రాయిస్తున్నాను. ఆవిడ గురించి నాలుగు ముక్కలు చెప్పకపోతే నా మనసు ఊరుకోదు.

ఇక్కడ అమెరికాలో, ఐసెలిన్‌లో మా పక్కిల్లే సరోజక్కది. నల్గొండ మనిషి. ఇరవై ఏళ్ళుగా స్కూల్ బస్సు నడిపేది. మా ఆయన బతికున్నన్నాళ్ళూ నేను పక్కసీటు మనిషినే, స్టీరింగ్ పట్టుకుని ఎరగను. ఆయన మోజుపడి పెద్ద ఇంజిన్ కారు కొన్నాడు, దానికి పూజ చేయించకుండానే గుండెపోటుతో పోయాడు. మిఠాయి దుకాణం వంటగదిలో పనికి కుదిరాను, కారు నడపడం రాకపోతే ఆ పని నిలవదు. నేర్పమని అక్కని అడిగితే మా కారు చుట్టూ ఒకసారి తిరిగొచ్చింది.

"మస్తుగుంది చెల్లె బండి. గానీ ఏడాది దాకా దీన్ని ముట్టకు. నా పాత బండి మీద నేర్చుకో."

"అదేంటక్కా! మా ఆయన కారు నేను నడపకూడదా?"

"ఎవరొద్దన్నరు? కొత్త కాలికి గింత జోరున్న బండి ఇయ్యొద్దంటున్న. నీ కాలు నీ మాట ఇననీ."

సరేనన్నాను గానీ లోపల ఉక్రోషమే. ఆ కారు సీటుకి ఆయన తలనూనె వాసన ఇంకా ఉంది. అందులో కూర్చుంటే ఆయన పక్కన ఉన్నట్టే ఉండేది. మూడు నెలల్లో లైసెన్స్ వచ్చింది. ఇంకేం, నాకు అంతా వచ్చేసిందనుకున్నాను. అక్కకి చెప్పకుండా, ఆయన చేయించలేకపోయిన పూజ నేను చేయిస్తానని కారు గుడికి తీసుకెళ్ళాను. మెల్లగా వెళ్ళాను, బాగానే వెళ్ళాను. పూజారిగారు బొట్టుపెట్టి, హారతిచ్చి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి, "ముందుకి పోనివ్వండమ్మా" అన్నారు. మా అమ్మాయి హారిక ఫోన్ పట్టుకుని ఎదురుగా నిలబడి వీడియో తీస్తోంది. కాయలు నలగవేమో, అపశకునమవుతుందేమోనని నేను గట్టిగా తొక్కాను.

కారు ఎగిరి దూకింది. పూజారిగారు హారిక చెయ్యి పట్టి ఇవతలికి లాగకపోతే ఈ మాటలు చెప్పడానికి నాకు నోరుండేది కాదు. కారు వెళ్ళి పొదల్లో ఆగింది. నేను స్టీరింగ్ మీద పడి ఏడుస్తూనే ఉన్నాను.

హారిక ఫోన్ చేస్తే అక్క పరుగున వచ్చింది. తిడుతుందనుకున్నాను. పిల్లని తల నుంచి కాళ్ళ దాకా తడిమి చూసుకుంది. తర్వాత నా పక్కసీట్లో కూర్చుంది.

"నిమ్మకాయ నలగనీకి తొక్కుడెందుకే పిచ్చిదానా? బ్రేకు మీదికెల్లి కాలు తీస్తే బండే పోతది."

"నా బిడ్డని చంపేసేదాన్నక్కా."

"చంపలే గద. ఇను. నా బస్సు దిగిన పోరగాండ్లు బస్సు ముందటికెల్లే రోడ్డు దాటుతరు. దిగినోళ్ళని లెక్కపెడత, దాటినోళ్ళని లెక్కపెడత. లెక్క కుదిరినంకనే కాలు లేపుత. బండి ముందట ఎందరున్నరో నువ్వూ లెక్కపెట్టు. ఎవ్వరు లేకుంటే, లేరని నోటితోని చెప్పు."

ఆ రోజు తాళం నేనే ఆవిడ చేతిలో పెట్టాను. ఏడాది నిండాక ఆవిడే ఇంటికొచ్చి ఇచ్చింది. పక్కసీట్లో కూర్చుని, నేను నడుపుతుంటే దారంతా కబుర్లు చెప్పింది. రోడ్డు వంక ఒక్కసారీ చూడలేదు. నన్ను అంతగా నమ్మినవాళ్ళు ఆయన తర్వాత ఆవిడే.

పోయిన నెల హారికకి లైసెన్స్ వచ్చింది. రాగానే నాన్న కారు తాళం అడిగింది.

"ఏడాది ఆగు."

"బట్ అమ్మా, ఆస్ట్రేలియాలో అలాంటి రూల్ ఉందంట, కొత్తవాళ్ళకి పవర్‌ఫుల్ కార్ ఇవ్వరంట. ఇక్కడ ఆ రూల్ లేదు కదా!"

"మనింట్లో ఉంది. సరోజ ఆంటీ పెట్టింది."

మూతి ముడుచుకుని చిన్న కారెక్కింది. నేను వాకిట్లో కారుకి ఎదురుగా నిలబడ్డాను. అద్దం వెనక దాని పెదవులు కదిలాయి. "ఒకటి" అంది. పక్కకి తప్పుకున్నాను. "ఎవరూ లేరు" అంది. అప్పుడు కదిలింది కారు.