నేను పోయని నీళ్ళు

దగ్గరికి జరిగి కూర్చోండి. ఇది గొంతెత్తి చెప్పే సంగతి కాదు.

మా ఇంట్లో పిల్లలకూ పక్కిళ్ళ పిల్లలకూ పొయ్యి ముందు కూర్చుని ఎన్ని కథలు చెప్పానో లెక్క లేదు. ఈ ఒక్కటి మాత్రం ఎవరికీ చెప్పలేదు. కాదు, అదీ నిజం కాదు. చెప్పాను. చాలాసార్లే చెప్పాను. తప్పుగా చెప్పాను. చంకన బిందె పెట్టుకుని ఏళ్ళ తరబడి నడిచిన మనిషికి నడుము ఒక పక్కకే ఒరిగిపోయినట్టు, ఆ తప్పుడు కథ మోసి మోసి నా మనసు ఒక పక్కకు ఒరిగిపోయింది. ఇవాళ దించుతాను. నేను చదివింది ఐదో క్లాసు. నా అక్షరాలు వంకరే, మాట మాత్రం వంకర పోకుండా చూసుకుంటాను.

మాది కంకిపాడు దగ్గర పల్లె. కొంత సొంత పొలం, కొంత కౌలు. ఇది తొంభైల్లో జరిగింది. మా వైపు ఊళ్ళలో ఇంకా గ్యాసు పొయ్యిలు అందరికీ రాలేదు, కిరసనాయిలు స్టవ్వులే. ఎండాకాలం. ఏడాదికి సరిపడా కారం పట్టించుకోవడానికి రోడ్డు పక్కనున్న కారం మర దగ్గరికి వెళ్ళాను. ఆవకాయ రోజులు ముందున్నాయి కదా, మర దగ్గర ఆడవాళ్ళం బారులు తీరి ఉన్నాం. ముక్కులకు కొంగులు కట్టుకుని, తుమ్ముకుంటూ, ఒకరి కాయల్ని ఒకరం చూసి మూతులు తిప్పుకుంటూ. నా కాయలు మంచివి. ఏరి, తొడిమలు తీసి, నేనే మేడ మీద ఆరబోసుకున్నవి. నా వెనకావిడవి తాలుకాయలు, రంగు పోయి తెల్లబడ్డవి.

ఇదంతా ఎందుకు చెబుతున్నానా? చెప్పాలి. ఇందులోనే ఉంది అసలు సంగతి.

పొద్దుననగా వెళితే మధ్యాహ్నానికి నా వంతు వచ్చింది. కాయలు మర తొట్టిలో పోశాను. కింద గొట్టం దగ్గర డబ్బా పట్టుకుని కూర్చున్నాను. కారం ఎర్రగా పడుతోంది. అప్పుడు రోడ్డు మీద చప్పుడయింది. ఒక లారీ సైకిలు మనిషిని రాసుకుంటూ పోయింది. ఆగలేదు. సైకిలు ఒక పక్క, తలకు దెబ్బ తగిలి మనిషి ఒక పక్క. అతని చెక్కపెట్టె పగిలి, స్టవ్వు బర్నర్లు, పిన్నులు, తోలు వాషర్లు రోడ్డంతా చెల్లాచెదరయ్యాయి. ఊరూరా తిరిగి స్టవ్వులు బాగుచేసే మనిషి. వయసులో ఉన్నవాడు. అంతకుముందు నేనెప్పుడూ చూసినవాడు కాదు.

టీ బడ్డీ దగ్గరి మగవాళ్ళు లేచి నిలబడ్డారు. నిలబడ్డారంతే. "ముట్టుకోమాకండి, పోలీసు కేసు," అన్నాడొకడు. ఆ మాటకు అందరికీ కాళ్ళు భూమిలోకి దిగిపోయాయి. వాళ్ళను పూర్తిగా తప్పుపట్టలేను. మా బావగారు ఒకసారి కాలవలో పడ్డ మనిషిని ఒడ్డుకు లాగిన పాపానికి సాక్షిగా విజయవాడ కోర్టు చుట్టూ తిరిగాడు. నాట్ల రోజుల్లో పని మానుకుని వెళ్ళడం, వాయిదా పడిందని తిరిగి రావడం. ఆ కథ మా చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ తెలుసు. చెప్పింది నేనే.

ఆ మనిషి మాత్రం మగవాళ్ళ వైపు చూడలేదు. మర పంచన, అతనికి అందరికంటే దగ్గరగా కూర్చున్నది నేను. నా వైపే చూశాడు. "అమ్మా, కాసిని నీళ్ళు" అన్నాడు.

పంచలోనే కుండ ఉంది. కుండ మీద చెంబు ఉంది.

నేను చేతులు పైకెత్తి చూపించాను. "చేతుల నిండా కారం నాయనా, ఎట్టా పట్టుకోను" అన్నాను. అబద్ధం కాదు, మోచేతుల దాకా కారమే. కానీ పది అంగల్లో బోరింగు ఉంది. రెండుసార్లు కొట్టుకుంటే చేతులు కడుక్కోవచ్చు. అదీ కాకపోతే వెనకావిడతో "కాస్త ఆ చెంబు అందుకో" అనొచ్చు. అనలేదు. ఎందుకనలేదు? పోలీసుల భయమా? ఇన్నేళ్ళూ అదేనని నాకు నేను చెప్పుకున్నాను. కాదు. డబ్బా వదిలి లేస్తే, నా కాయలు అయిపోగానే వెనకావిడ తన తాలుకాయలు పోసేస్తుందని, నా ఎర్రటి కారంలో ఆ తెల్లకారం కలుస్తుందని. అంతే. అంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉంటుందేమోనని ఎంత వెతికినా దొరకలేదు.

అతను ఇంకోసారి అడిగాడు. నేను డబ్బాలోకి చూస్తూ కూర్చున్నాను.

చాలాసేపటికి ఎవరో ట్రాక్టరతను ఆగి, ఎవరినీ ఏమీ అడక్కుండా అతన్ని ఎత్తి వెనక ట్రక్కులో పడుకోబెట్టి విజయవాడ వైపు తీసుకుపోయాడు. ఆసుపత్రి చేరేలోపే ప్రాణం పోయిందని సాయంత్రానికి తెలిసింది. నేను కారం డబ్బా నెత్తిన పెట్టుకుని ఇంటికి వచ్చాను. ఆ ఏడు ఆవకాయ బాగా కుదిరింది. తిన్నవాళ్ళంతా రంగు చూడమని మెచ్చుకున్నారు. నేనూ తిన్నాను.

ఇది మొదటి తప్పు. ఇంతటితో ఆగి ఉంటే ఇవాళ మిమ్మల్ని కూర్చోబెట్టేదాన్ని కాదేమో.

కొన్నాళ్ళకు పసుపు పట్టించుకోవడానికి మళ్ళీ అదే మరకు వెళ్ళాను. మెట్టు మీద ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. బుర్ఖా మీద దుమ్ము. పేరు ఖాసింబీ. విజయవాడ గవర్నర్‌పేటలో షాపుల వెనక సందులో వాళ్ళ ఇల్లు. చనిపోయిన ఆ స్టవ్వుల అతను, మస్తాన్, ఆవిడ పెద్దకొడుకు. కొడుకు పడ్డ చోటు చూసుకుందామని బస్సెక్కి ఒక్కతే వచ్చింది. మర అతను నన్ను చూపించి, "ఈవిడ ఆ రోజు ఇక్కడే ఉందండి" అన్నాడు.

ఆ మాటలు నాకు ఒక్క అక్షరం పొల్లు పోకుండా గుర్తున్నాయి.

"మా వాణ్ణి చూశావామ్మా?"

"చూశానండీ."

"ఏమన్నా అడిగాడా?"

"నీళ్ళడిగాడండీ."

ఆవిడ భయంభయంగా, వినకుండా ఉంటే బాగుండునన్నట్టుగా అడిగింది. "ఎవరన్నా పోశారా తల్లీ?"

నా చుట్టూ ఆ రోజు ఉన్న ఆడవాళ్ళే ఇద్దరు ముగ్గురు ఉన్నారు. తాలుకాయల ఆవిడా ఉంది. ఎవరూ నోరు మెదపలేదు.

"నేను పోశానండీ."

"తాగాడా?"

"తాగాడండీ. రెండు గుక్కలు తాగాడు. తల నా ఒళ్ళో పెట్టుకుని పోశాను. అమ్మా అన్నాడు. మిమ్మల్నే తలుచుకున్నాడండీ."

చూశారా, అడిగింది ఒక్కటి, నేను చెప్పింది ఎంతో. కథలు చెప్పే నోరు. ఒక్క అబద్ధం చెప్పి ఊరుకోలేకపోయింది. దానికి ఒడి ఇచ్చింది, గుక్కలు ఇచ్చింది, ఆఖరి మాట ఇచ్చింది. ఆవిడ నా కుడిచెయ్యి పట్టుకుని తన కళ్ళకద్దుకుంది. "ఈ చెయ్యి చల్లగుండాల బిడ్డా" అంది. ఆ తడి నా వేళ్ళ సందుల్లోకి దిగింది. అప్పుడు లాక్కోవచ్చు ఆ చెయ్యి. లాక్కోలేదు.

జాలితో చెప్పానా? కొంత జాలే. కన్నతల్లితో, నీ కొడుకు అడుగుతుంటే ఇంతమందిమి చూస్తూ కూర్చున్నామని ఎలా చెప్పను? కానీ జాలి అయితే ఒక్కసారితో అయిపోవాలి. నాకు అది బాగుంది. ఆవిడ కళ్ళల్లో నేను మంచిదాన్ని. మర దగ్గరి ఆడవాళ్ళకూ బాగుంది. నేను పోశానంటే వాళ్ళు పోయకపోయినా ఫరవాలేదు కదా. ఆ అబద్ధం పందిట్లో అందరం కలిసి కూర్చున్నాం. పోనుపోను ఊళ్ళో అదే నిజమైపోయింది. మా పిల్లలు "అమ్మా, ఆ స్టవ్వుల అతని కథ చెప్పు" అనేవాళ్ళు. చెప్పేదాన్ని. చెప్పిన ప్రతిసారీ అతను ఇంకో గుక్క ఎక్కువ తాగేవాడు.

ప్రతి రంజానుకూ ఖాసింబీ గారు కాళ్ళు ఆడినన్నాళ్ళు పాలసేమ్యా తనే తెచ్చేది, తర్వాత చిన్నకొడుకు చేత పంపేది. "మా మస్తాన్‌కి నువ్వు తల్లివి అయ్యావు" అనేది. నా చేత్తోనే ఆ గిన్నె అందుకునేదాన్ని. ఆవిడ ముందే తినాలి, తినేదాకా కదిలేది కాదు. ఆ తీపి గొంతు దిగేది కాదంటే మీరు నన్ను కాస్త మంచిగా అనుకుంటారు. దిగేది. మొదటి ఏడు కష్టపడ్డాను, తర్వాత అలవాటయింది.

నర్సు చదివిన మా చెల్లెలి కూతురు ఒకసారి ఈ కథ విని, "తలకు దెబ్బ తగిలినవాళ్ళకు నీళ్ళు పోయకూడదు పెద్దమ్మా, ప్రమాదం" అంది. ఆ రాత్రి నాకు ఎంత హాయిగా నిద్ర పట్టిందో. పోయకపోవడమే మంచిదయిందన్నమాట. తెల్లారి లేచాక ఆ హాయి చూసి నాకే అసహ్యం వేసింది. ఆ సంగతి నాకు ఆ రోజు తెలుసా? తెలియదు. తెలిసి ఆగితే అది తెలివి. కారం కోసం ఆగి, తర్వాత తెలివిని అరువు తెచ్చుకుంటే దాన్నేమంటారు? నీళ్ళు పోయకూడదనే అనుకుందాం. ఎండలో పడి ఉన్నాడే, నా కొంగు అడ్డం పెట్టకూడదని ఏ నర్సు చెప్పింది? రోడ్డు మీదికి వెళ్ళి వచ్చే బండికి చెయ్యి అడ్డం పెట్టకూడదని ఎవరు చెప్పారు? పక్కన కూర్చుని, నాయనా భయపడకు అనడానికి చేతులు కడుక్కునే పనే లేదు.

మొన్న చలికాలంలో చిన్నకొడుకు ఫోన్ చేశాడు. అమ్మ మంచం పట్టింది, మిమ్మల్ని చూడాలంటోంది అని. వెళ్ళాను. ఖాసింబీ గారు ఎండిపోయి గుప్పెడంత అయిపోయింది. తలగడ కింది నుంచి చిన్న సీసా తీయించింది. మక్కా వెళ్ళొచ్చినవాళ్ళు తెచ్చిచ్చిన నీళ్ళు. ఆఖరి ఘడియలో నోట్లో పోయడానికి దాచుకున్నవి. "మా వాడికి పోసిన చేత్తోనే నాకూ పొయ్యాల" అంది.

నేను తల ఊపాను. ఊపి, బస్సెక్కి ఇంటికి వచ్చి, మా ఆయనకు మొత్తం చెప్పాను. మొదటిసారి. ఆయన, "పోయే ప్రాణికి ఇప్పుడెందుకు చెప్పడం? నీ బరువు దించుకోవడానికి ఆవిడ గుండె మీద పెడతావా?" అన్నాడు. మంచి ప్రశ్నే. ఆవిడ నన్ను ఏమీ అడక్కుండా కన్నుమూసి ఉంటే నేనూ నోరు మూసుకునే ఉందునేమో. కానీ ఆవిడ నా చెయ్యి అడిగింది. లేని చెయ్యి అడిగింది. ఆఖరి గుక్క కూడా నా అబద్ధంతో తాగించలేను. ఇప్పటిదాకా చెప్పింది మాటలే. ఆ నీళ్ళు పోస్తే మాత్రం ఇంక మనిషిని కాను. అలా అనుకున్నాను. తెల్లారగానే మొదటి బస్సెక్కాను.

చిన్నకొడుకునూ కోడలినీ గదిలోనే ఉండమన్నాను. వాళ్ళూ వినాలి. మంచం పక్కన నేల మీద కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. కారం, తాలుకాయలు, కుండ మీద చెంబు, అన్నీ. ఏదీ తగ్గించలేదు. ఏడిస్తే ఆవిడ నన్ను ఓదార్చాల్సి వస్తుందని ఏడవకుండా చెప్పాను. కోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. చిన్నకొడుకు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

ఖాసింబీ గారు కళ్ళు మూసుకుని విన్నది. అంతా అయ్యాక ఒక్కటే అడిగింది.

"అయితే వాడి తల దేని మీదుంది?"

"కంకర మీదండీ" అన్నాను.

ఆవిడ గోడ వైపు తిరిగి పడుకుంది. నేను చాలాసేపు కూర్చున్నాను. తిరగలేదు. కోడలు నా చెప్పులు తెచ్చి గుమ్మం ముందు పెట్టింది.

తర్వాత వారం తిరక్కుండానే పోయింది. ఎవరూ నాకు కబురు పెట్టలేదు, ఆ సందు మొదట్లో బజ్జీల కొట్టు అతను ఫోన్‌లో చెబితే తెలిసింది. నీళ్ళు కోడలు పోసిందట. వెళ్ళాను. లోపలికి వెళ్ళలేదు. సందు చివర ఆటోల పక్కన నిలబడి, వాళ్ళు తీసుకుపోతుంటే చూశాను. చిన్నకొడుకు నన్ను చూశాడు. చూసి ముందుకు నడిచాడు. ఈ రంజానుకు గిన్నె రాలేదు. రాకపోవడమే సబబు.

ఆవిడకు చేసిన మేలేమిటి అని అడిగితే చెప్పలేను. బహుశా కీడే చేశాను, రెండోసారి. అయినా మళ్ళీ ఆ మంచం పక్కన కూర్చోబెడితే మళ్ళీ అదే చెబుతాను. మా పిల్లలనూ కూర్చోబెట్టి చెప్పాను. కథ మార్చి చెబుతున్నావేంటమ్మా అన్నారు. మార్చడం లేదు, మొదటిసారి చెబుతున్నాను అన్నాను. పెద్దవాడు అన్నం ముందు నుంచి లేచి వెళ్ళిపోయాడు. రెండు రోజులు మాట్లాడలేదు. మాట్లాడకపోయినా, నన్ను చూసిన చూపు మాత్రం నిజమైన నన్నే చూసింది. అది చాలు నాకు. చాలని కాదు, అంతకంటే అడిగే హక్కు లేదు.

పడ్డ మనిషికి చెయ్యి అందించాలా వద్దా అని వాదించేవాళ్ళు చాలామంది ఉన్నారు. కేసులంటారు, కోర్టులంటారు, తెలియక ముట్టుకుంటే ఇంకా చెడుతుందంటారు. అవన్నీ నిజాలే. కానీ ఆ క్షణాన మిమ్మల్ని ఆపుతున్నది ఆ నిజాలేనా, ఇంకేదన్నానా అని ఒక్కసారి లోపలికి చూసుకోండి. నాకు కనబడ్డది కారం డబ్బా. మీకు ఏం కనబడుతుందో నాకు తెలియదు. ఏదైనా సరే, దాన్ని కింద పెట్టి లేవండి.

ఇంతసేపు విన్నారు, చాలు. మీ ఇంట్లోంచి పొద్దున బయటికి వెళ్ళిన ప్రతి మనిషీ సాయంత్రానికి క్షేమంగా గడప తొక్కాలి. ఎప్పుడైనా ఏ దారిలోనైనా మీవాళ్ళు తూలిపడితే, వాళ్ళ పక్కన నాలాంటిది కాకుండా ఇంకెవరైనా ఉండాలి.