కొబ్బరినీళ్లు తాగిన చెక్క

మా ఆయన లారీలకు బాడీలు కట్టేవారు. ఎల్బీనగర్ దాటాక హైవే పక్కన చిన్న షెడ్డు. పెళ్లికి పోయినా మంటపం చెక్కను వేలితో కొట్టి చూసే మనిషి. నలుగురిలో నా పరువు తీయడానికే పుట్టారని విసుక్కునేదాన్ని.

తెలంగాణ ఉద్యమం రోజుల్లో ఒక పాటల బృందం పాత డీసీఎం వ్యాన్‌ను షెడ్డుకు తెచ్చి, ఊరూరా తిరిగే వేదికగా మార్చమంది. ఆ బృందంలో మా ఆడబిడ్డ కూడా ఉంది. కాలికి గజ్జె కడితే ఆమెను ఆపడం ఎవరి తరమూ కాదు. బియ్యం బస్తా ఎంత బరువున్నా ఒకచోట కూర్చుంటుంది, మనుషులంతా ఒక్కసారి ఎగిరి దిగితే ఆ దెబ్బ ఛాసిస్ దాకా పోతుంది అనేవారు మా ఆయన. అందుకే అడ్డంగా ఇనుప చానళ్లు దగ్గర దగ్గరగా వేశారు. పైన ప్లైవుడ్ పరిచి, పేళ్లు గుచ్చుకోకుండా రెగ్జిన్ అంటించారు. మొదటిసారి వాళ్లు దానిమీద ఆడుతుంటే నేను కింద చెయ్యి ఆనించాను. అంత ఇనుమూ సన్నగా వణికింది.

మా ఆడబిడ్డకు అది ఒట్టి బండి కాదు. గజ్జె కట్టే ముందు ప్రతిసారీ దాన్ని కడిగి, పసుపు చల్లి, ముందు మూలన కొబ్బరికాయ కొట్టి, మొక్కి ఎక్కేది. ఇంటి గడపనైనా ఆమె అంత శ్రద్ధగా కడగడం నేను చూడలేదు. ఆ నీళ్లన్నీ రెగ్జిన్ అంచుల్లోంచి చెక్కలోకి దిగుతున్నాయని ఎవరికీ తట్టలేదు. పైకి మాత్రం కొత్తదానిలా మెరిసేది.

ఎల్బీనగర్ చౌరస్తాలో ఉద్యమంవాళ్లు రోడ్డు ఆపి వంటావార్పు పెట్టిన రోజు, దిల్‌సుఖ్‌నగర్ నుంచి వచ్చే రోడ్డంతా పొయ్యిలే. బస్సులు ఆగేచోట గంజుల్లో అన్నం ఉడుకుతోంది. ఆట చూడాలని జనం బండిని చుట్టుముట్టారు. మా ఆయన అలవాటుగా కిందికి దూరి, ముఖం పాలిపోయి బయటికొచ్చారు. వేలు చెక్కలోకి దిగిందట. ఎక్కితే ఎవరి కాలో విరుగుతుంది, ఆట ఆపేయమని చెప్పారు. అంత జనానికి ఆట లేదని చెప్పేదెవరు?

ఆడబిడ్డ అప్పటికే గజ్జె కట్టింది. ముందు మూలన రెగ్జిన్ ఎత్తి చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నేనే మొక్కి మొక్కి కరాబు చేసిన్నా అన్నా?"

ఆమె కొబ్బరికాయ తీసుకుని ఉత్త కాళ్లతో రోడ్డు మధ్యకు నడిచింది. వంగి, కాయను తారు మీదే కొట్టింది.

"గీ రోడ్డైతే నానదు గద అన్నా," అంది.

మిగతావాళ్లూ ఆమె వెనకే నడిచారు. జనం జరిగి చోటిచ్చారు. ఎండకు తారు కాలుతున్నా ఒక్క అడుగు తడబడలేదు. లారీలూ బస్సులూ తప్ప ఏమీ ఎరగని ఆ హైవే మీద గజ్జెలు మోగాయి. అంత పెద్ద వేదిక కట్టడం ఎవరి వల్ల అవుతుంది?

పక్కకు చూస్తే మా ఆయన గొంతుక్కూర్చుని రోడ్డుకు అరచెయ్యి ఆనించి ఉన్నారు. పరువు సంగతి మర్చిపోయి నేనూ కూర్చున్నాను. నా చెయ్యి అందుకుని వేడి తారు మీద పెట్టారు.

రోడ్డూ వణుకుతోంది.