మాయాబందర్‌లో ఉప్పేసిన ఎలుక చెవులు

మా మరిదికి, అంటే మాయాబందర్‌లో ఉండే మా చెల్లెలి భర్తకి, రెండు నెలల్లో మూడోసారి అదే జ్వరం. చేపల వేట లేని రోజుల్లో పోకతోట బాగుచేస్తుంటాడు. మలేరియా కాదని తేలింది. రక్తం పీల్చే పిడుదులు కుట్టి వచ్చిన జ్వరమేమో, ఆ తోట ఎలుకల మీద అలాంటి బాక్టీరియా ఉందని తెలిస్తే మందు విషయం తేల్చుకోవచ్చని డాక్టరు అన్నారట. మా అమ్మాయి శ్రావణి పోర్ట్ బ్లెయిర్‌లో చేసే పరిశోధన సరిగ్గా అదే. అది బోనులు సర్దగానే, ఎలుకంటే కుర్చీ ఎక్కే నేను కూడా చీరలు సర్దుకున్నాను!

పోర్ట్ బ్లెయిర్‌లో మేముండే డిగ్నాబాద్ నుంచి ఆటోలో వెళ్ళి తెల్లవారుజామున నాలుగింటి బస్సు పట్టుకున్నాం. టికెట్ మనిషికి మూడు వందల లోపే. ఆదివాసుల అడవి మొదలయ్యే జిర్కాటాంగ్ దగ్గర బళ్ళన్నిటినీ వరసగా కాన్వాయ్‌లో వదిలారు. తర్వాత బస్సుతో సహా ఫెర్రీ ఎక్కాం. బోనులు చూసి డ్రైవరు అడిగాడు, "దీదీ, ఇందులో కోళ్ళా?"

"కాదు భయ్యా, ఎలుకలు పట్టడానికి," అంది శ్రావణి.

"అరే, మా ఇంటికి రండి. ఫ్రీగా ఇస్తాను, పైన చాయ్ కూడా!"

రంగత్‌లో పూరీ తిని, మధ్యాహ్నం రెండింటికి మాయాబందర్‌లో దిగాం. సాయంత్రం శ్రావణి కొబ్బరి ముక్కలు ఎరపెట్టి తోటలో పది బోనులు పెట్టింది. ఆ వెంటనే వాన మొదలైంది. తెల్లారి అయిదింటికి చూస్తే పది బోనులూ ఖాళీ. తిరుగు బస్సు ఆరింటికి. దుప్పటి కప్పుకుని అరుగు మీద కూర్చున్న మరిది ఖాళీ బోనుల వైపు చూసి దుప్పటి ఇంకా దగ్గరికి లాక్కున్నాడు.

అప్పుడు చెల్లెలు వంటింట్లోంచి ఒక సీసా తెచ్చింది. "మొన్న మా బోన్లో ఒకటి పడింది. చెవుల నిండా పిడుదులే. చెవులు కోసి ఉప్పులో ఏసినాను."

"ఓసి నీ ఇల్లు బంగారంగానూ! చేపకి వేసినట్టు వేశావా?"

"చేప నెలలుంటాది కదే అక్కా! ఇదెందుకుండదు?"

"నిన్న రాగానే చెప్పొద్దా?"

"మీరు పది బోన్లతో దిగితే నా సీసా ఎవులు సూత్తారు?"

శ్రావణి సీసాను వెలుగులోకి ఎత్తి చూసి ఒక్క గెంతు వేసింది. "పిన్నీ, బాక్టీరియా బతికుండదు గానీ దాని జన్యువు ఉప్పులో నిలుస్తుంది. మాకు కావలసింది అదే!"

"ముందు ఆ కత్తిపీట మరిగే నీళ్ళలో వెయ్యి," అన్నాను నేను.

వారం తర్వాత నేను పోపు వేస్తుంటే శ్రావణి ల్యాబ్ నుంచి ఫోన్ చేసింది. "అమ్మా, మెషీన్‌లో గీత పైకి లేచింది! ఆ బాక్టీరియా పిడుదుల్లోనూ ఉంది, ఎలుక చెవిలోనూ ఉంది!" పోపు మాడిపోయింది. ఆ రిపోర్టు చూసి డాక్టరు మందు మార్చారు. మూడో రోజుకి మరిది జ్వరం దిగింది.

నా వంటింట్లో ఉప్పు రుచి కోసం. మా చెల్లెలి వంటింట్లో, చేతికొచ్చింది పాడవకుండా దాచడం కోసం. పది గంటలు ప్రయాణం చేసి పది బోనులు మోసుకెళ్ళిన మేము, ఆ సీసా ఎదురుగా నిలబడి నోరు తెరిచాం.

మీరు ఆ తోటలవైపు వెళ్తే, రాగానే చెవుల వెనక, మోకాళ్ళ వెనక వెతుక్కోండి. పిడుదు కనిపిస్తే గిల్లకుండా, నలపకుండా చిమటాతో, అంటే సన్నటి పట్టకారుతో తీసి, చిన్న సీసాలో వేసి డాక్టరుకి చూపించండి.