వానకు మొక్కిన జుట్టు

ముందే ఒక మాట చెప్పేస్తా. నా గుండు చూసి ఎవరూ పరామర్శకు రావద్దు. మా ఇంట్లో అందరూ క్షేమంగా ఉన్నారు. మొన్న కల్లూరు పోవడానికి షేర్ ఆటో ఎక్కితే, ఎదురుగా కూర్చున్న పెద్దాయన నా తలకాయ చూసి పెద్దగా నిట్టూర్చినాడు.

"పాపం, నాయనకేమయింది బిడ్డా? జబ్బు చేసిందా?"

మా నాయన నా పక్కనే ఉన్నాడు. ఆయనే జవాబు చెప్పినాడు. "జబ్బేం లేదప్పా. బాగానే ఉండా."

పెద్దాయన తర్వాతి స్టాపులోనే దిగిపోయినాడు. ఆయన దిగాల్సింది అక్కడేనా కాదా అని నాకు ఇప్పటికీ అనుమానమే.

సరే, టీ చల్లారేలోపల మొదటి నుంచి చెప్తా వినండి. నేను గిటార్ వాయిస్తానని మీకు తెలుసు. ఏం గిటార్ అని అడిగితే మాత్రం ఇంతవరకు మా వాళ్ళకెవరికీ అర్థమయ్యేట్టు చెప్పలేకపోయినా. దాని పేరు థ్రాష్ మెటల్. సినిమా పాట కాదు, భజన కాదు. ఫుల్ స్పీడులో తంతుల్ని దంచాలి, కడుపులోంచి గర్జించాలి, తల ఊపాలి. ఇది నాకు అమెరికా నుంచి అంటుకుందని అందరూ అనుకుంటారు. అదేం కాదు. అంటించింది మా నాయనే.

కల్లూరులో మాకు ఆయిల్ మిల్లు ఉంది కదా. దాంట్లో శెనక్కాయలు వలిచే మిషన్ ఒకటుంది. చిన్నప్పుడు బస్తాల మీద కూర్చొని హోంవర్కు చేసుకునేవాణ్ణి. ఆ మిషన్ దడదడదడమని ఆగకుండా కొడుతుంటే, నా పెన్ను కూడా అదే స్పీడుకు పోయేది. అక్షరాలు అందుకే అట్లా తయారయినాయి. ఇంటర్లో ఉండంగా మా వెనక వీధి బాషా ఒక క్యాసెట్ తెచ్చినాడు. వాళ్ళన్న బెంగుళూరులో కొన్నాడంట, అట్ట కూడా సరిగా లేదు. పెట్టి విన్నాం. నేను వెంటనే, "ఒరే, ఇది మా మిల్లే కదరా" అన్నా. బాషా ఏమో, "కాదురా, మా పీర్ల పండగ డప్పు" అన్నాడు. ఆ కొట్లాటలోనే బ్యాండ్ పుట్టింది. వాడు డ్రమ్స్, నేను గిటార్, అరుపులు. పేరు 'కరువు'. ఇంగ్లీషు పేరు పెడదామనుకున్నాం గానీ, ఇద్దరికీ ఒక్క స్పెల్లింగూ కుదరలేదు.

అరుపులు మాత్రం మా రాయచోటి మామ దగ్గర నేర్చినవి. నేర్పించినట్టు ఆయనకే తెలీదు. మామ అంటే మా అమ్మకు అన్న, రాయచోటిలో శెనక్కాయల మండీ. మా ఇంటి దేవుడు వీరభద్రుడు. మా వైపు పెళ్ళిళ్ళలో వీరభద్రుని పళ్లెం పట్టి ఊరేగించేటప్పుడు, ఎవరో ఒకరు ముందు నిలబడి స్వామి మీద ఖడ్గం, అంటే ఆవేశంగా చదివే దండకం, చెప్పాలి. చెప్పడమంటే మెల్లగా కాదు. నరాలు తేలేట్టు, నేల అదిరేట్టు గర్జించాలి. అది మా మామ పని. డోళ్ళు ఆగుతాయి, మామ గొంతు లేస్తుంది, చివర్లో జనమంతా "శరభ శరభ" అని అందుకుంటారు, మళ్ళీ డోళ్ళు మొదలు. చిన్నపిల్లలందరూ జడుసుకొని ఏడ్చేవాళ్ళు. నేను మాత్రం ఇంకోటి చెప్పమని మామ పంచె పట్టుకొని లాగేవాణ్ణంట.

ఇంక జుట్టు సంగతి. థ్రాష్ వాయించేవానికి జుట్టు లేకపోతే పోపు పెట్టని పప్పే. మూడేళ్ళు పెంచినా. నడుము దాకా రాలేదు గానీ వీపు సగం దాటింది. మా నాయన రోజూ దాన్ని చూసి ఒక మాట అనకుండా అన్నం ముద్ద ఎత్తేవాడు కాదు. "మల్లెపూలు తెమ్మంటావా?" అనేవాడు. "ఆడబిడ్డ లేని కొరత బాగా తీరుస్తాండావు" అనేవాడు.

రెండేళ్ళ కింద రాయచోటిలో ఒక పెళ్ళికి పోయినాం. పందిట్లో అందరి ముందర మామ నన్ను ఎగాదిగా చూసి మా అమ్మను అడిగినాడు. "ఏందమ్మా వీని అవతారం?"

మా అమ్మ పరువు గల మనిషి. రెప్ప కూడా కొట్టలేదు. "శ్రీశైలం మల్లన్నకు మొక్కుకున్నాడన్నా. కోరిక తీరితే తలనీలాలు ఇస్తాడు."

అంతే. అందరి నోళ్ళు మూతపడినాయి. అదీగాక నా విస్తట్లో ఒక లడ్డు ఎక్కువ పడింది. ఆ రోజు నుంచి నా జుట్టు దేవుని సొత్తు. నేను కూడా హ్యాపీ. అబద్ధం అమ్మది, లాభం నాది.

ఈ సంవత్సరం సంగతి మీకు తెలుసు. ఆషాఢం వచ్చినా చినుకు లేదు. రైతు గింజ వేస్తేనే మా మిల్లు తిరిగేది. మిషన్ బెల్టు విప్పి గోడకు తగిలించి, మా నాయన పొద్దస్తమానం వరండాలో కూర్చొని ఆకాశం చూసేవాడు. సరిగ్గా ఆ టైములోనే మాకు కడపలో ఒక కాలేజీ ఫెస్ట్‌లో చాన్స్ వచ్చింది. మొదటి స్టేజీ. ఆదివారం సాయంత్రం. నాకు నిద్ర పట్టేది కాదు.

దానికి వారం ముందు మండీ పని మీద మామ కర్నూలులో మా ఇంటికి వచ్చినాడు. కాఫీ తాగుతా నా వైపు చూసినాడు.

"ఏమప్పా గిరీ, ఇంకా ఇయ్యలేదేంది? దేవుని పని అట్ల నానబెట్టగూడదు. ఈ శనివారం నేనే సుమో మాట్లాడతా, అందరం శ్రీశైలం పోదాం."

శనివారం గుండు, ఆదివారం స్టేజీ! తెలివిగా ఒక పాయింట్ పట్టుకున్నా. "కోరిక ఇంకా తీరలేదు మామా."

"ఏం కోరిక?"

ఇది ఆలోచించుకోలేదు. "ఉద్యోగం" అన్నా.

"ఓస్, ఇంతేనా. రేపే వచ్చి మా మండీలో కూర్చో."

"అది కాదు మామా, ఉద్యోగం చిన్నది. అసలుది పెళ్ళి."

లోపల మా అమ్మ చేతిలో గిన్నె కింద పడింది. మామ జేబులోంచి సెల్లు తీసినాడు. "మా తోడల్లుని కూతురుండాది. బీఎస్సీ. మంచి పిల్ల. ఇప్పుడే మాట్లాడతా."

ఆయన నంబరు నొక్కుతున్నాడు. మా మామ ఇయ్యలేనిది ఈ లోకంలో ఏముందిరా దేవుడా అని చుట్టూ చూసినా. వరండాలో మా నాయన కనిపించినాడు, మెడ ఎత్తి, తెల్లగా కాలిపోతున్న ఆకాశం చూస్తా. నా నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

"వాన మామా. మన కర్నూలు, కడప అంతా తడిసేట్టు మంచి వాన పడాల. అంతవరకు తల మీద కత్తి పెట్టనని మొక్కినా."

మామ సెల్లు కట్టేసినాడు. కళ్ళు తుడుచుకున్నాడు. "ఇన్నేండ్లు స్వామి ముందర నిలబడి ఖడ్గాలు చెప్పినా గానీ, నాకు ఒక్కనాడు ఈ బుద్ధి పుట్టలేదప్పా" అన్నాడు. మా నాయన వెనక్కి తిరిగి నా జుట్టు వైపు చూసినాడు. మూడేళ్ళలో మొదటిసారి ఆ చూపులో కోపం లేదు. నాకు సిగ్గేసింది. కానీ జుట్టు దక్కింది కదా, సిగ్గును పక్కన పెట్టినా.

మామ నోట్లో నువ్వుగింజ నానదు. రెండు రోజుల్లో మార్కెట్ యార్డంతా పాకిపోయింది. మిల్లుకు వచ్చే రైతులు నాకు దండం పెట్టడం మొదలుపెట్టినారు. ఒక అవ్వ నా జుట్టు కొస ముట్టుకొని కళ్ళకద్దుకుంది. "నీ పుణ్యమాని పడాల నాయనా" అంది. ప్రాక్టీసులో బాషా నవ్వలేక చచ్చినాడు. "ఒరే గిరీ, నీ జుట్టు ఇంక నీది కాదు, గవర్నమెంట్‌ది" అన్నాడు.

గురువారం పడమర దిక్కున మబ్బు కనిపించింది.

రాయలసీమలో అందరూ చేతులెత్తి రా రా అని పిలుస్తున్నారు. నేనొక్కణ్ణి మిద్దెక్కి లోలోపల బతిమాలుతున్నా. "స్వామీ, ఆదివారం సాయంత్రం దాకా ఓర్చుకో. సోమవారం నుంచి నీ ఇష్టం, చెరువులు తెగినా అడగను." ఇట్లాంటి మొక్కు ఈ సీమలో ఇంకెవరూ మొక్కి ఉండరు. తలుచుకుంటే ఇప్పటికీ చెంపలు వేసుకుంటా.

శుక్రవారం మధ్యాహ్నం గాలి లేచింది. మట్టి వాసన వచ్చింది. తర్వాత కురిసింది చూడండి, ఆకాశానికి చిల్లు పడినట్టు! వీధిలో జనం గొడుగులు కూడా తీయలేదు, ఊరికే నిలబడి తడిసినారు. మా నాయన బనియన్ మీద వాకిట్లోకి వచ్చి, మొహం పైకెత్తి చిన్నపిల్లోని మాదిరి నవ్వుతున్నాడు. ఆయన అట్లా నవ్వడం నేను చూడలేదు. నేను కూడా ఆ వానలోకి దూకి ఎగిరినా, నిజంగానే ఆనందంతో. ఎగిరేటప్పుడు తడిసిన జుట్టు చప్పున మొహానికి కొట్టుకుంది. అప్పుడు గుర్తొచ్చింది.

ఇంట్లో ఫోన్ మోగుతోంది. ఎవరో చూడక్కర్లేదు.

"ఏమప్పా, ఆడ పడిందా?"

"ఏదో తుంపర మామా" అన్నా.

"తుంపరా? రేకుల మీద సప్పుడు నాకు రాయచోటికి ఇనపడ్తాండాది. పొద్దునకు రెడీగా ఉండు."

తెల్లారేసరికి వాకిట్లో సుమో. మామ, అత్త, అమ్మ, నాయన, నా ఒళ్ళో గిటార్. మరుసటి రోజు శ్రీశైలం నుంచి నేరుగా కడపకు దింపుతానని మామ మాటిచ్చినాడు కాబట్టి అదీ వెంటపెట్టుకున్నా. ఘాట్ రోడ్డు పొడుగునా జుట్టు నిమురుకుంటా కూర్చున్నా. కల్యాణకట్టలో తల తడిపి కత్తి పెట్టినారు. కళ్ళు మూసుకున్నా. మూడేళ్ళ సంపాదన, ఒక్క పాట వాయించేంత సేపట్లో ఒళ్ళోకి వచ్చి పడింది.

కళ్ళు తెరిస్తే మా అమ్మ ఏడుస్తోంది. పాపం, నా జుట్టు కోసం ఎంత బాధపడుతోందో అనుకున్నా. దగ్గరికి వచ్చి చెవిలో చెప్పింది. "పందిట్లో ఆ అబద్ధమాడినప్పట్నుంచి దేవుని మొహం చూసేకి భయమయ్యేది నాయనా. ఇయ్యాల దిగింది బరువు." ఏడ్చేది జుట్టు కోసం కాదు. సంతోషంతో!

బయటికొచ్చేసరికి సన్నగా జల్లు పడుతోంది. ఉత్త మాడు మీద మొదటి చినుకు పడింది. పైనుంచి కాలి వేళ్ళ దాకా చల్లగా దిగింది. చెప్పకూడదు గానీ, హాయిగా ఉంది. కర్నూలు ఎండల్లో మూడేళ్ళు కంబళి కప్పుకొని తిరిగినానని అప్పుడు తెలిసింది. అత్త గుండు నిండా మందంగా గంధం పూసింది.

ఆదివారం కడపలో నన్ను దింపి పోతారనుకున్నా. "మావోని కచేరీ చూడకుండా పోతామా" అని మామ అందరినీ తీసుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టినాడు. గ్రౌండంతా బురదైందని ప్రోగ్రాం ఆడిటోరియంలోకి మార్చినారు. యాంకర్ మైకులో "ఇప్పుడు మీ ముందుకు వస్తోంది కరువు" అన్నాడు. ముందు వరసలోంచి మా నాయన "ఇప్పుడే కదరా పోయింది" అనడం నాకు స్పష్టంగా వినపడింది. బాషా నన్ను చూసి చేతిలో కర్రలు జారవిడిచినాడు.

మొదలుపెట్టినాం. అలవాటుగా తల విసిరినా. ఎగరడానికి ఏమీ లేదు, ఎండిపోయిన గంధం పెళ్ళలు పెళ్ళలుగా లేచి బాషా డ్రమ్స్ మీద పడింది. వాడు కొట్టిన ప్రతి దెబ్బకూ లైట్ల వెలుగులో పసుప్పచ్చ పొగ లేస్తోంది. స్టూడెంట్లు అదేదో స్పెషల్ ఎఫెక్ట్ అనుకొని కుర్చీలెక్కినారు. నేను గొంతెత్తి గర్జించినా. భయంగా మామ వైపు చూసినా. ఆయన కళ్ళు మూసుకొని, చెయ్యి పైకెత్తి ఉన్నాడు.

డ్రమ్స్ ఆగే చోటొకటుంది మా పాటలో. ఆ సందులో మామ లేచి నిలబడి, కడుపులోంచి "శరభ శరభ" అన్నాడు. హాలంతా అందుకుంది. బాషా మళ్ళీ మొదలుపెట్టినాడు. అంతకుముందు, ఆ తర్వాత మేం అంత బాగా వాయించింది లేదు.

ప్రైజ్ రాలేదు. జడ్జి దిగొచ్చి మామకు మాత్రం షేక్ హ్యాండ్ ఇచ్చినాడు. సుమోలో మామ అన్నాడు, "ఇన్నాళ్ళు ఎందుకు దాచినావురా? ఇది మన ఖడ్గమే, తంతులు కట్టినారు అంతే." నాకు ఎంత తేలికయిందో చెప్పలేను. గుండు వల్ల కాదు. మా ఇంట్లో ఇంక తలుపులేసుకొని వాయించే పని లేదు.

కథ ఇక్కడితో అయిపోయిందనుకున్నా. ఈ పొద్దున ప్రాక్టీస్ చేసుకుంటుంటే మా నాయన వచ్చి నా ముందర కొబ్బరినూనె సీసా పెట్టినాడు. పెద్దది, కొత్తది.

"పొద్దున, సాయంత్రం బాగా పట్టించు. తొందరగా పెరగాల."

మల్లెపూల ఎగతాళి చేసిన మనిషేనా అని చూసినా. "ఎందుకు నాయనా?"

"గింజ మొలిచింది కదా. కాయ పట్టేకి ఊడలు మట్టిలోకి దిగే టయానికి ఇంకొక వాన గావాల." గుమ్మం దాకా పోయి, వెనక్కి తిరిగి చూడకుండానే చెప్పినాడు. "ఈసారి నేను మొక్కినా, నీ జుట్టు మీద."

అందుకే ఇక్కడికి వచ్చే ముందు బాషాకు ఫోన్ చేసి చెప్పినా: ఇంక మన షోలకు డేట్లు కాలేజీ వాళ్ళను అడగొద్దురా, రేడియోలో వాతావరణం వార్తలు విని ఫిక్స్ చెయ్యి అని.